పొట్టిక్కలు తింటూ రేడియో విన్న సాయంత్రం

కాకినాడ నుంచి కోటిపల్లి దాకా బండి మీద వెళ్ళి, అక్కడ పంటు పడవ ఎక్కి గోదావరి పాయ గౌతమి దాటి ముక్తేశ్వరంలో దిగుదాం అన్నది మా బావ ఐడియా. యానాం వంతెన మీంచి హాయిగా వెళ్ళిపోవచ్చు కదా బావా అంటే వింటేగా. పంటు మీద పదిహేను బళ్ళు, రెండు మేకలు, ఏదో పెళ్ళికెళ్తున్న బ్యాండువాళ్ళ డ్రమ్ములు, మధ్యలో మేము.

ఇంతకీ దేనికెళ్తున్నాం అంటే, బావ ఫ్రెండ్స్ నలుగురు, అంటే బొమ్మలేసేవాళ్ళిద్దరు, సౌండ్ రికార్డింగ్ చేసే అమ్మాయొకతి, రిటైరైన మాస్టారొకాయన, అంబాజీపేట దగ్గర ఓ కొబ్బరితోటలో ఊళ్ళోవాళ్ళని కూర్చోబెట్టి టిఫిన్ పెట్టి అందరికీ కలిపి రేడియో వినిపిస్తారట. ఆర్ట్ ప్రాజెక్ట్ అన్నారు. టిఫిన్ పెట్టి రేడియో పెట్టడం ఆర్టయితే మా అమ్మమ్మ ఎంత పెద్ద ఆర్టిస్టో అని లోపల నవ్వుకున్నా.

మేం చేరేసరికి అరుగు మీద ఐదారుగురు ఆడవాళ్ళు పనసాకులు ముందేసుకుని బుట్టలు కుడుతున్నారు. పొట్టిక్కలంటే తెలీనివాళ్ళకి చెప్తున్నా, ఇడ్లీ పిండే, కాకపోతే పనసాకు బుట్టలో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆకు వాసన పిండికి పట్టేస్తుంది. నాలుగాకులు ప్లస్ గుర్తులా పేర్చి, అంచులు పైకి మడిచి, ఈనెపుల్ల ముక్కతో గుచ్చి, మిగిలిన ముక్క టక్కుమని విరిచేస్తారు. వాళ్ళు మాట్లాడుకుంటూ చూడకుండానే కుట్టేస్తున్నారు. నేనూ ఒకటి కుట్టా, పిండి పోయగానే అడుగునుంచి కారిపోయింది. "అది మీరే తినాలండి ఆయ్" అని ఒకావిడ పక్కన పెట్టేసింది.

ఆ 'టక్కు' రికార్డు చెయ్యడానికి సౌండ్ అమ్మాయి బొచ్చు తొడుగేసిన మైకు పట్టుకుని వాళ్ళ చేతుల దగ్గరే కూర్చుంది. ఎనభై దాటిన మామ్మగారొకావిడ దాన్నే చూసి చూసి "ఉడతని పెంచుకుంటున్నావేటమ్మా" అంది. అరుగంతా నవ్వులు, ఆ నవ్వు కూడా రికార్డయింది.

ఆ అమ్మాయికి ఈ ఆలోచన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వెళ్ళినప్పుడు వచ్చిందట. అక్కడి డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) అనే సంస్థవాళ్ళ సంగం రేడియో, దగ్గర్లోని మాచ్నూర్‌లో, 2008 అక్టోబరు నుంచీ నడుస్తోంది, నడిపేది పల్లెటూరి దళిత మహిళలు, జొన్నలూ కొర్రలూ సామలూ పండించే చేతులతోనే మైకు పట్టుకుంటారు, విత్తనాల గురించీ వంటల గురించీ వాళ్ళ భాషలో వాళ్ళే మాట్లాడతారు. మరి ఇక్కడా ఓ చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టేయొచ్చుగా అన్నా. లైసెన్సు లేకుండా పెడితే కేసే అంది. 2006 నుంచి ఎన్జీవోలకి కూడా కమ్యూనిటీ రేడియోకి పర్మిషన్ ఇస్తున్నారు గానీ నలుగురు ఫ్రెండ్స్ కలిసి సరదాగా పెట్టుకునేది కాదు. అందుకని వీళ్ళు మాస్టారి అటక మీది పాత రేడియో పెట్టె ఖాళీ చేసి లోపల బ్లూటూత్ స్పీకర్ కూర్చోబెట్టారు. బయటికి రేడియో, లోపల ఫోన్ పాటలు పాడే డబ్బా. నాకు కొంచెం మోసంగానే అనిపించింది.

సాయంత్రం ఐదున్నరకి అరటాకులు వేశారు. ఓ యాభై మంది ఉంటారు. రూల్ ఏంటంటే అరగంట ఎవరూ మాట్లాడకూడదు, తింటూ వినాలి. పొట్టిక్క ఆకు విప్పితే ఆవిరి ముఖానికి కొట్టింది, కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి, ఓ మూల కారప్పొడీ నెయ్యీ. పెట్టెలోంచి పొద్దున్నించీ రికార్డు చేసినవి ఒక్కోటీ వస్తున్నాయి, రోలు, కాలవ నీళ్ళు, కొబ్బరికాయ వలుస్తున్న చప్పుడు. తర్వాత ఒక పెద్దాయన గొంతు, 1996 నవంబరు 6 తుఫాను రాత్రి గురించి, కొబ్బరిచెట్లు విరుగుతుంటే ఎలా వినపడిందో, ఆ తర్వాత కరెంటు లేక ట్రాన్సిస్టర్ సెల్సు ఎండలో పెట్టి, కాస్త వేడెక్కాక మళ్ళీ వేసుకుని వార్తలు ఎలా విన్నారో. అందరూ నిజంగానే మాటాపలుకూ లేకుండా వింటున్నారు, అప్పుడు పెట్టెలోంచి "సార్, పర్సనల్ లోన్ ఏమైనా అవసరం ఉందా" అని ఒకమ్మాయి గొంతు! స్పీకర్‌కి కనెక్ట్ చేసిన ఫోన్‌కి కాల్ వచ్చింది, దేనిమీద నొక్కారో ఏమో అదే ఎత్తేసింది. మామ్మగారు ఆకు మీంచి తలెత్తకుండా "మాకొద్దమ్మా, కట్టలేం" అంది.

ఇంక రూల్ ఏం ఉంటుంది. అందరూ ఒకేసారి మాట్లాడ్డం మొదలెట్టారు, ఆర్టిస్టులిద్దరికీ మొహాలు వాడిపోయాయి. నాకు మాత్రం అసలు ప్రోగ్రాం అక్కణ్ణించే మొదలైనట్టుంది. "రేడియో ఎవడు నోర్మూసుకుని విన్నాడర్రా, చేతిలో పని, నోట్లో కబుర్లు, అది మోగుతుండేది అంతే" అంది మామ్మగారు. "ఆదివారం మధ్యాన్నం ఉషశ్రీగారు భారతం చెప్పినప్పుడు మాత్రం కుక్క కూడా మొరిగేది కాదు." ఉషశ్రీగారిది వశిష్ఠ పాయకి అవతలున్న కాకరపర్రు, విజయవాడ రేడియో కేంద్రంలో పనిచేశారు, మామ్మగారు మాత్రం ఆయన పక్కింట్లోనే ఉండేవాడన్నట్టు చెప్తోంది. మాస్టారందుకున్నారు, పంచాయితీ రేడియో కింద చాపలేసుకు కూర్చునే రోజుల్నించీ మొదలెట్టి, 1956లో పూనా వైపు పల్లెల్లో యునెస్కో సాయంతో రైతులకి రేడియో ఫోరం పెట్టినప్పుడు విన్నాక గుంపుగా చర్చించుకోవడం కూడా ప్రోగ్రాంలో భాగమేనని. "మీరు చర్చ తీసేసి వినడం ఒక్కటీ ఉంచారు బాబూ" అన్నారు. పాపం వాళ్ళు తల ఊపారు.

ఆకులు తీశాక మామ్మగారి మనవడు ఇంట్లోంచి ఆవిడ ట్రాన్సిస్టర్ తెచ్చాడు, నిజందే. డయల్ మీద 837 దగ్గర పెన్నుతో గీసిన గీత, వాళ్ళాయన గీసిందట, విజయవాడ మీడియం వేవ్ స్టేషన్ వచ్చే చోటు. ఆన్ చేస్తే బుర్రుమని ఒకటే రొద. సౌండ్ అమ్మాయి పైకి చూసి "ఆ ఎల్ఈడీ బల్బులు ఆపండి" అంది, ఆపారు, సగం రొద పోయింది. మామ్మగారు పెట్టెని చేత్తో మెల్లగా తూర్పుకీ ఉత్తరానికీ తిప్పింది, లోపలుండే కడ్డీయే ఏరియల్ కాబట్టి దాన్ని తిప్పితేనే దారికొస్తుంది, ఆవిడకి ఆ లెక్కలన్నీ చేతికే తెలుసు. ఓ మూలకి రాగానే ఎక్కడిదో మగగొంతు తేలింది, తెలుగే, మాటలు సగం సగం. చీకట్లో అందరూ దగ్గరకి జరిగారు. ఏం చెప్తున్నాడో తేల్చుకోవడానికి పావుగంట వాదన, వరి గురించని కొందరు, రొయ్యల గురించని కొందరు.

అప్పుడు గుర్తొచ్చింది మా బావకి, చీకటి పడితే పంటు కట్టేస్తారని. ముమ్మిడివరం మీదుగా యానాం వంతెన మీంచే వచ్చాం. దారంతా వాడు ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ అడగలేదు, నా కారిపోయిన పొట్టిక్క కూడా కట్టిచ్చారు, అది తింటున్నా.