నాన్న ఆరె, పారిస్ బ్యాగు

2025 జులైలో చెల్లెలు ఫోను చేసి, "అక్కా, వాడేసిన తోలు బ్యాగు 86 లక్షల యూరోలకు పోయిందట. నువ్వు బ్యాగుల ఫ్యాక్టరీలోనే కదా ఉన్నావు, ఎందుకంత ధరో చెప్పు" అంది. పారిస్‌లో సోదబీస్ వేలం వార్త అది. హెర్మెస్ సంస్థ నటి జేన్ బిర్కిన్ కోసం చేసిన మొట్టమొదటి బిర్కిన్ బ్యాగు. అది ఆమె ఏళ్ల తరబడి మోసిన వస్తువు, దాని లెక్క వేరు. దుకాణంలో లక్షలు పలికే కొత్త బ్యాగుల సంగతి మాత్రం చెప్పగలను.

చెన్నై దగ్గర తోలు బ్యాగులు ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో నాది ఖర్చు లెక్కగట్టే (కాస్టింగ్) పని. తోలు ఎన్ని చదరపు అడుగులు పడుతుంది, లైనింగు, జిప్పు, బకిల్ ఎంత, కుట్టుకు ఎన్ని నిమిషాలు అని ఒక్కో బ్యాగుకూ లెక్క కడతాను. ఖరీదైన బ్యాగులో పారేసే తోలు కూడా ఖర్చును పెంచుతుంది. పశువు ఒంటిమీద పిడుదు కాటు, ముళ్ల తీగ గీత, వాత మచ్చ ఏదున్నా ఆ భాగాన్ని వదిలి కోయాలి. అంచుకు రంగు వేసి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ వేయాలి. తొందరపడితే ఆరు నెలల్లో అంచు పగులుతుంది.

కుట్టు గురించి ఇంకాస్త చెప్పాలి. హెర్మెస్ 1837లో గుర్రాల కళ్లేలు, తోలు పట్టీలు కుట్టే దుకాణంగా మొదలైంది. నేటికీ వాళ్లు వేసేది గుర్రపు జీన్లకు వేసే కుట్టు: ఒకే దారం, రెండు కొసలకు రెండు సూదులు, ప్రతి రంధ్రంలో అవి ఎదురెదురుగా దాటుకుంటాయి. మిషన్ కుట్టులో ఒక పోగు తెగితే వరస ఊడిపోతుంది. ఇందులో ఒక కుట్టు తెగినా పక్కది పట్టుకునే ఉంటుంది. ఒక బ్యాగును మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి కుడతాడు, గంటలకు గంటలు పడుతుంది. ఆ పనికి చేతులెత్తి దండం పెడతాను.

ఎందుకంటే ఆ కుట్టు నాకు చిన్నప్పుడే తెలుసు. తెనాలిలో నాన్న చెప్పులు కుట్టేవాడు. దారాన్ని తేనెమైనం మీద రెండుసార్లు లాగి, ఆరెతో రంధ్రం పొడిచి, రెండు కొసలనూ అటూ ఇటూ దాటించి బిగించేవాడు. బిగించినప్పుడు మోచేతులు రెండూ రెక్కల్లా విప్పుకునేవి. చేతిపని వల్లే అంత ధర అని ఎవరైనా అంటే నా కళ్ల ముందు ఆ మోచేతులు కదులుతాయి. చేతిపనికే అంత విలువ ఉంటే ఆయన అద్దె ఇంట్లో పోయేవాడు కాదు.

ధరలో పెద్ద వాటా పేరుది, దొరకనివ్వకపోవడానిది. హెర్మెస్ దుకాణంలోకి డబ్బు పట్టుకుని వెళ్లినా అడిగిన బిర్కిన్ ఆ రోజే చేతికిస్తారన్న నమ్మకం లేదు. బ్రిటన్ ఫ్యాషన్ సంస్థ బర్బెరీ 2017-18 ఆర్థిక సంవత్సరంలో సుమారు 2.86 కోట్ల పౌండ్ల అమ్ముడుపోని సరుకును నాశనం చేసింది, పేరు చవకబడుతుందన్న భయంతో. ఆ వార్త చదివిన రాత్రి నాకు అన్నం సయించలేదు. 2024లో హెర్మెస్ అమ్మకాలు 1,520 కోట్ల యూరోలు, అందులో నిర్వహణ లాభం 40.5 శాతం. మా దగ్గర అలాంటి శాతం కాగితం మీద కూడా రాయలేం.

అదే ఏడాది ఇటలీలోని మిలాన్ న్యాయస్థానం, ఫ్రెంచ్ ఫ్యాషన్ సంస్థ డియోర్‌కు చెందిన ఒక తయారీ విభాగాన్ని తన పర్యవేక్షణలోకి తీసుకుంది. దుకాణంలో 2,600 యూరోలకు అమ్మే బ్యాగును కుట్టించడానికి బయటి వర్క్‌షాపుకు 53 యూరోలు ఇచ్చారని దర్యాప్తులో తేలింది. తోలు ఖర్చు అందులో లేదు. అయినా ఆ రెండు అంకెల మధ్య దూరం తోలుతో పూడేది కాదు. పని వేగంగా సాగాలని అక్కడ కొన్ని మిషన్లకు రక్షణ పరికరాలు కూడా తీసేశారట. గొప్ప పేరున్న బ్యాగైతే కుట్టినవాడు సుఖంగా ఉంటాడని అంతవరకూ నమ్మాను.

చెల్లెలికి ఇదంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, "నాన్న చెప్పు పట్టీ కుడితే ఎంత తీసుకునేవాడే?" అంది.

పది రూపాయలు. ఎవరైనా ఇరవై ఇస్తే, గోనెపట్టా కింద వెతికి మిగతా పది తిరిగి ఇచ్చేవాడు.