17 పాడ్ల దగ్గర ఆగిన మా ప్లాట్‌ఫామ్: నా అనుభవం

మా టీమ్‌లో చాలామంది యాప్‌లు నడిపే ప్లాట్‌ఫామ్ క్లౌడ్ ఫౌండ్రీకి అలవాటుపడ్డవాళ్లు. కోడ్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి 'సీఎఫ్ పుష్' అని కొడితే చాలు, కాసేపట్లో యాప్ యూఆర్ఎల్ చేతికొచ్చేది. యాప్‌లను పాడ్లు అనే చిన్న యూనిట్లుగా నడిపే కుబర్నెటీస్‌కి మారాక వాళ్లంతా యామల్ అనే సెట్టింగుల ఫైళ్లతో కుస్తీ పడుతుంటే చూడలేకపోయాను. మంచి కోడ్ రాసే మనిషి రోజంతా బయటి ట్రాఫిక్‌ని యాప్‌కి చేర్చే ఇన్‌గ్రెస్ సెట్టింగుల కోసం వెతుక్కోవడం అన్యాయం. అందుకే కోరిఫీ పెడదామనుకున్నాను. అదే సీఎఫ్ పుష్‌ని అది కుబర్నెటీస్ మీద నడిపిస్తుంది.

క్లస్టర్ అమెజాన్ కుబర్నెటీస్ సర్వీస్ ఈకేఎస్ మీద, ముంబై రీజియన్‌లో. నోడ్లుగా, అంటే పాడ్లు నడిచే మెషీన్లుగా, టీ3 మీడియం రకంవి రెండు తీసుకున్నాను. ఒక్కోదానికి 4 జీబీ మెమరీ, ట్రయల్‌కి సరిపోతుందనిపించింది. సర్టిఫికెట్లు చూసుకునే సెర్ట్ మేనేజర్, కోడ్‌ని బిల్డ్ చేసే కేప్యాక్, ట్రాఫిక్‌కి దారి చూపే కాంటూర్, ఆ తర్వాత కోరిఫీ వరసగా ఎక్కించాను. అన్ని యాప్‌లకూ కలిపి ఒకే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ కావాలి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ దాన్ని డీఎన్‌ఎస్ పద్ధతిలోనే (డొమైన్ మనదేనని డీఎన్‌ఎస్ రికార్డుతో చూపిస్తేనే) ఇస్తుంది కాబట్టి అక్కడ కొంచెం ఆలస్యమైంది, అంతే.

నా టెస్ట్ యాప్ మొదటిసారే ఎక్కింది. మర్నాడు అందరినీ ప్రయత్నించమన్నాను. నాలుగైదు యాప్‌లు ఎక్కాక మిగతావన్నీ స్టేజింగ్ దగ్గరే, అంటే కోడ్‌ని బిల్డ్ చేసే దశలోనే ఆగిపోయాయి. లాగ్‌లో ఒక్క ముక్క లేదు. బిల్డ్ అయిన ఇమేజ్‌లు దాచే రిజిస్ట్రీ పర్మిషన్లేమోనని సగం రోజు వాటినే తవ్వాను. మెమరీ చూస్తే ఇంకా మిగిలే ఉంది. టెన్షన్ పెరిగిపోయింది.

సాయంత్రం పెండింగ్‌లో ఉన్న బిల్డ్ పాడ్‌ని డిస్క్రైబ్ కమాండ్‌తో చూస్తే కనిపించింది: 'టూ మెనీ పాడ్స్'. ముందు ఆ పని చేసుంటే సగం రోజు మిగిలేది.

సంగతేమిటంటే, ఈకేఎస్‌లో మామూలుగా ప్రతి పాడ్‌కీ వీపీసీ (అమెజాన్‌లో మన సొంత నెట్‌వర్క్) నుంచే ఒక ఐపీ అడ్రస్ వస్తుంది. టీ3 మీడియంకి 3 నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లు, ఒక్కోదానికి 6 అడ్రస్‌లు. ప్రతి ఇంటర్‌ఫేస్‌లో మొదటి అడ్రస్ దానికే పోతుంది. మిగిలినవి 15. నోడ్ సొంత అడ్రస్‌నే వాడుకునే సిస్టమ్ పాడ్లు ఇంకో రెండు కలిపితే 17. రెండు నోడ్లకీ కలిపి 34. అందులో ప్లాట్‌ఫామ్ సొంత పాడ్లే 23 ఉన్నాయి! పైగా ప్రతి పుష్‌కీ బిల్డ్ కోసం మరో పాడ్ లేస్తుంది. నేను మెమరీ లెక్క వేశాను కానీ ఈ లెక్క వేయలేదు.

పెద్ద మెషీన్లు తీసుకోవచ్చు, కానీ ఖర్చు పెరుగుతుంది. నేను ప్రిఫిక్స్ డెలిగేషన్ ఆన్ చేశాను. ఒక్కో అడ్రస్ ఉండే చోట 16 అడ్రస్‌ల బ్లాక్ వస్తుంది, నోడ్‌కి 110 పాడ్ల దాకా పెట్టుకోవచ్చు. అయితే పాత నోడ్లు పాత పరిమితితోనే ఉండిపోయాయి. కొత్త నోడ్ గ్రూప్ తెరిచి, పాతవాటిని డ్రెయిన్ చేసి, అంటే వాటిలోని పాడ్లను ఖాళీ చేయించి, తీసేయాల్సి వచ్చింది. ఆ 16 అడ్రస్‌లూ వరసగా ఖాళీగా ఉండాలి కాబట్టి, ఇరుకైన మా పాత సబ్‌నెట్ (వీపీసీలో ఒక అడ్రస్‌ల భాగం) వదిలేసి పెద్దది తీసుకున్నాను.

రాత్రి పదికి వైజాగ్‌లో ఇంటి నుంచి పనిచేసే మా జూనియర్ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, యూఆర్ఎల్ వచ్చేసింది. మీరూ ఒకసారి ఓపెన్ చేసి చూడండి."