గొంతు మీద గాటు లేదు

తెనాలి వైపు మినుము తీసేసిన మాగాణుల్లో ఎరువు కోసం రాత్రిళ్లు గొర్రెల మందను కట్టే మా బాబాయి, మొన్న తెల్లవారుజామున ఫోన్ చేసి మూడు పిల్లలు చచ్చిపడి ఉన్నాయని చెప్పారు. నక్క పనేనని అప్పటికే ఊరంతా తీర్మానించింది. నేను గుంటూరు నుంచి వెళ్లి చూసేసరికి ఒక పిల్లకు తొడలు చీలిపోయి, చెవి సగం తెగి వేలాడుతూ, ఒంటినిండా గాట్లు ఉన్నాయి గాని, మాంసం తిన్న గుర్తు పెద్దగా లేదు.

అమెరికా పశుక్షేత్రాల్లో గొర్రెలను పట్టే కయోటీ, మన నక్కకు దగ్గరి చుట్టమైన జంతువు, సాధారణంగా గొంతు పట్టి ఊపిరాడకుండా చేసి చంపుతుంది. కుక్కలైతే తరిమి తరిమి వెనక కాళ్లనూ పక్కలనూ కొరికి, ఎన్నింటినో గాయపరిచి వదిలేస్తాయి. అందుకే అక్కడ నష్టాన్ని పరిశీలించేవారు చర్మం ఒలిచి చూస్తారు, ఎందుకంటే ప్రాణముండగా పడిన కాటు కిందనే నెత్తురు కమిలి కనిపిస్తుంది. మేమూ ఆ పిల్లను ఒలిచి చూశాము. తొడ మీద అరచేయంత మేర నల్లగా కమిలి ఉంది, గొంతు మాత్రం శుభ్రంగా ఉంది. అది ఊరకుక్కల పని.

నక్కకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఆ సంగతి అలా ఉంచినా, చేలల్లో ఎలుకలను తినే ప్రాణిని అనుమానంతో విషం పెట్టి చంపడం నాకు ఘోరంగా తోస్తుంది; ఆ ఎర తిన్న గద్దలూ, మన కాపలా కుక్కా కూడా చస్తాయి. ఈనిన గొర్రెలనూ పిల్లలనూ చుట్టూ వల కట్టిన వేరే దొడ్డిలో, కాపరి మంచానికి ఆనుకుని ఉంచమని బాబాయిని బతిమాలాను. ఆ సాయంత్రమే ఆయన రెండో వల కట్టారు.