చీకటి హాలులో ఒక దీపం

పర్లాకిమిడిలో పియానో ఉన్న ఇల్లు నేనెరుగను. పెదనాన్నగారి హార్మోనియం మీద సరళీస్వరాలు నేర్చిన నాకు సోవియట్ పియానో విద్వాంసుడు స్వియతొస్లావ్ రిక్టర్ వాద్యం ఫోనులోనే పరిచయమైంది.

1915లో ఉక్రెయిన్‌లోని జితోమిర్‌లో పుట్టి, సంగీతజ్ఞుడైన తండ్రి చెప్పిన కాసిని పాఠాలు తప్ప మిగిలినదంతా దాదాపు తానే సాధించుకున్న ఆయన, ఒడెస్సా ఒపెరాలో గాయకులకు పక్కవాద్యం వాయించి, 1937లో, 22 ఏళ్ల వయసులో, మాస్కోలో పియానో గురువు హైన్‌రిఖ్ నైగౌజ్‌కు శిష్యుడయ్యారు. 1941లో సోవియట్ అధికారులు ఆయన తండ్రిని గూఢచారి అనే నెపంతో కాల్చి చంపారు. అమెరికాలో వాయించే అవకాశం 1960లో గానీ రాలేదు.

అప్పటి న్యూయార్క్ కార్నెగీ హాలు కచేరీలను అందరూ పొగుడుతారు గానీ, నన్ను పట్టుకున్నది 1986 నాటి ప్రయాణం. డెబ్బై దాటిన వయసులో ఆయన కారెక్కి సైబీరియా మీదుగా నెలల తరబడి తిరుగుతూ, సరైన సంగీతశాల కూడా లేని చిన్న ఊళ్లలో వాయించారు. చివరి దశలో, శ్రోతల చూపు తన ముఖం మీదా వేళ్ల మీదా కాక సంగీతం మీదే నిలవాలని, హాలంతా చీకటి చేయించి, ఎదుట స్వరాలు రాసిన కాగితాలు పెట్టుకుని, వాటి మీద పడేలా ఒక చిన్న దీపం మాత్రం ఉంచుకునేవారు. (జ్ఞాపకశక్తిని ప్రదర్శించడమే విద్వత్తు అనుకునే మనవాళ్లకు ఆ కాగితాలు నచ్చకపోవచ్చు.)

శ్రీరామనవమి పందిట్లో కరెంటు పోయిన రాత్రి, లాంతరు వెలుగులో పెదనాన్నగారు ఆపకుండా వాయిస్తుంటే, తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ మాటలు మాని విన్నారు. కరెంటు వచ్చాక మళ్లీ గోల మొదలైంది.