జర్మనీ ఆఫీసులో లినక్స్ డెస్క్‌టాప్: కీ నొక్కాక అక్షరం ఎందుకు ఆలస్యమవుతుంది

జర్మనీ వచ్చి లినక్స్ డెస్క్‌టాప్ టెస్టింగ్‌లో చేరిన మనవాళ్ళు మొదటి వారాల్లో ‘కీబోర్డు లాగ్’ అని రాసే బగ్గుల్లో కొన్ని అసలు లాగే కావు. ఇక్కడ ఆఫీసు ఇచ్చేది జర్మన్ కీబోర్డు. అందులో ఒకటి అంకెకు ఎడమ పక్కనున్న క్యారెట్ కీ నొక్కి చూడండి, తెర మీద ఏమీ పడదు. మరో కీ నొక్కితేగానీ కదలదు. అది డెడ్ కీ: వెనక వచ్చే అచ్చు నెత్తిన టోపీ పెట్టాలేమో అని ఆగుతుంది. బ్యాక్‌టిక్ కూడా అంతే. షెల్ స్క్రిప్టులు రాసేవాళ్ళకు ఇది నిజంగా చిరాకే. సెట్టింగ్స్‌లో జర్మన్ లేఅవుట్‌కే డెడ్ కీలు లేని రకం విడిగా ఉంది. అది ఎంచుకుంటే సరి.

రెండో తప్పుడు ఫిర్యాదు కీ రిపీట్ గురించి. బ్యాక్‌స్పేస్ నొక్కి పట్టుకుంటే చెరపడం అర సెకను తర్వాత మొదలవుతుంది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్‌లో డిఫాల్ట్ అంతే: మొదట 500 మిల్లీసెకన్ల ఆగుడు, ఆ తర్వాత ప్రతి 30 మిల్లీసెకన్లకు ఒకటి. ఆగుడును 250కి తగ్గిస్తే చాలామంది ‘లాగ్’ అక్కడితో మాయమవుతుంది. వేలాండ్‌లో (కీబోర్డునూ తెరనూ అప్లికేషన్లకు అందించే కొత్త పద్ధతి, పాతది ఎక్స్11) ఈ రిపీట్ కొట్టేది కెర్నెల్ (లినక్స్ మూలభాగం) కాదు, అప్లికేషనే. కాబట్టి ఒక్క అప్లికేషన్‌లో మాత్రమే రిపీట్ తేడాగా ఉంటే కీబోర్డును అనుమానించక్కర్లేదు.

ఈ రెండూ కాదని తేలాక, టైపు చేస్తున్న మెషీన్ ఎక్కడుందో చూడాలి. జర్మనీలో కూర్చుని హైదరాబాదు ల్యాబ్ సర్వర్‌లోకి ఎస్సెస్సెచ్‌తో (రిమోట్ లాగిన్) వెళ్తే, ప్రతి అక్షరమూ అక్కడిదాకా పోయి వచ్చాకే తెర మీద కనిపిస్తుంది. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. గీత గీసినట్టు 7,000 కిలోమీటర్లు అనుకున్నా రానూపోనూ 70 మిల్లీసెకన్లు, ఇంతకు తగ్గే ప్రశ్నే లేదు. నిజం కేబుళ్ళు ముంబయి, ఎర్రసముద్రం, ఈజిప్టు మీదుగా చుట్టు తిరిగి వస్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర కేబుళ్ళు తెగినప్పుడు ట్రాఫిక్ వేరే దారులకు మళ్ళి ఈ ఆలస్యం మరింత పెరిగింది. దీనికి మందు మోష్ అనే రిమోట్ లాగిన్ ప్రోగ్రాము. అక్షరాన్ని సర్వర్ చెప్పకముందే ఊహించి మన తెర మీద వేస్తుంది, లింకు నెమ్మదిగా ఉంటే కింద గీత పెట్టి చూపిస్తుంది. కాకపోతే దానికి 60000 నుంచి 61000 మధ్య యూడీపీ (ఎస్సెస్సెచ్ వాడే టీసీపీ కాక మరో రకం రవాణా) పోర్టులు కావాలి. చాలా ఆఫీసు ఫైర్‌వాల్స్ యూడీపీని వదలవు, మోష్ మొదలవుతున్నట్టే ఉండి ఊరికే వేలాడుతుంది. నెట్‌వర్క్ టీమ్‌కు టికెట్ పెట్టేటప్పుడు ఆ పోర్టుల సంఖ్యలు రాయండి, లేకపోతే ‘ఎస్సెస్సెచ్ పనిచేస్తోంది కదా’ అని మూసేస్తారు.

ఇక లోకల్ మెషీన్. ఇక్కడే అసలు పని ఉంది.

కీ కిందకు దిగగానే లోపలి లోహపు స్పర్శ కొద్దిసేపు ఎగిరెగిరి పడుతుంది. దాన్ని ఒకే నొక్కుగా లెక్కించడానికి కీబోర్డు ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రాము) ఆగే సమయమే డీబౌన్స్. ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ క్యూఎంకేలో డిఫాల్ట్ 5 మిల్లీసెకన్లు. ఆ తర్వాత యూఎస్‌బీ వంతు. కీబోర్డు తనంతట తాను చెప్పదు, కంప్యూటర్ వచ్చి అడగాలి. చవక కీబోర్డులు చాలావరకు లో-స్పీడ్ పరికరాలు. డిస్క్రిప్టర్‌లో (కీబోర్డు తన గురించి కంప్యూటర్‌కు ఇచ్చే వివరాలు) 10 మిల్లీసెకన్లని రాసి ఉన్నా లినక్స్ దాన్ని 8కి దించి, సెకనుకు 125 సార్లు అడుగుతుంది. మంచివాటిని 1 మిల్లీసెకనుకోసారి అడుగుతుంది. మీదేదో డిస్క్రిప్టర్‌లో ఇంటర్వల్ చూసి తెలుసుకోవచ్చు.

కీ ఈవెంట్లను చూపించే ఈవీటెస్ట్ పెట్టి టైమ్‌స్టాంపులు చూసి ‘కీబోర్డు బాగానే ఉంది’ అని తీర్పు ఇచ్చేవాళ్ళున్నారు. ఆ సమయం ఈవెంట్ కెర్నెల్‌కు చేరాక వేసింది. అంతకు ముందు స్విచ్‌లో, ఫర్మ్‌వేర్‌లో, యూఎస్‌బీలో పోయిన సమయం అందులో కనపడదు. ఈవీటెస్ట్ వల్ల అసలు లాభం వేరే: ఒక్క నొక్కుకు రెండు ఈవెంట్లు వస్తున్నాయా, విడుదల ఈవెంట్ తప్పిపోతోందా అన్నది వెంటనే తెలుస్తుంది.

చివర్న తెర. 60 హెర్ట్జ్ మానిటర్ 16.7 మిల్లీసెకన్లకోసారి మాత్రమే కొత్త బొమ్మ వేస్తుంది. బస్సు అప్పుడే కదిలిపోతే తర్వాతి బస్సు దాకా స్టాపులో నిలబడాల్సిందే, కీ నొక్కు సంగతీ అంతే. పైగా బొమ్మ పైనుంచి కిందికి గీయబడుతుంది కనుక అదే అక్షరం తెర అడుగున ఆలస్యంగా వెలుగుతుంది. పోల్చే కొలతలన్నీ తెర మీద ఒకే చోట తీయాలి. టెర్మినల్ వెర్షన్ కూడా రాసుకోండి. గ్నోమ్ టెర్మినల్స్ వాడే వీటీఈ లైబ్రరీ, మానిటర్ ఏదైనా సెకనుకు 40 సార్లకు మించి గీసేది కాదు. 2024 మార్చిలో గ్నోమ్ 46తో ఆ పరిమితి తీసేశారు. ఉబుంటు 22.04లో ఇంకా పాతదే.

పూర్తి దారిని కొలవాలంటే టీన్సీ లాంటి చిన్న బోర్డు, వెలుతురును పసిగట్టే ఒక ఫోటోట్రాన్సిస్టర్, ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ చాలు. ఫోటోట్రాన్సిస్టర్ ఎమిటర్ గ్రౌండ్‌కు, కలెక్టర్ అనలాగ్ పిన్‌కు, అదే పిన్ నుంచి రెసిస్టర్ 3.3 వోల్టులకు. వెలుతురు పడితే వోల్టేజీ పడిపోతుంది. బోర్డు తానే యూఎస్‌బీ కీబోర్డులా ఒక కీ పంపి, వోల్టేజీ మారేదాకా గడియారం లెక్కిస్తుంది. సెన్సర్‌ను నల్లటి నేపథ్యం మీద అక్షరం పడే చోట నల్ల టేపుతో అతికించాలి. కర్సర్ మిణుకు ఆపకపోతే దాన్నే అక్షరమనుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు పెట్టి, పవర్ ప్రొఫైల్ పెర్ఫార్మెన్స్‌లో ఉంచాలి.

అందరూ పొరబడేది కీల మధ్య విరామం దగ్గర. సరిగ్గా 200 మిల్లీసెకన్లకో కీ పంపితే 60 హెర్ట్జ్ తెర మీద అది సరిగ్గా 12 ఫ్రేములు. ప్రతి నొక్కూ ఫ్రేములో ఇంచుమించు ఒకే క్షణాన పడుతుంది, ఫలితాలు ముచ్చటగా ఒకేలా వస్తాయి, అంతా అబద్ధం. 150 నుంచి 300 మధ్య యాదృచ్ఛిక విరామం ఇవ్వాలి. కనీసం వంద కొలతలు తీసి కనిష్ఠం, మధ్యమం, గరిష్ఠం మూడూ రాయాలి.

బోర్డు కొనే ఓపిక లేకపోతే 240 ఫ్రేముల స్లో మోషన్ ఉన్న ఫోన్ చాలు. ఫ్రేముకు 4.2 మిల్లీసెకన్లు, వేలూ తెరా ఒకే వీడియోలో పడాలి. అసలు స్విచ్ ఆలస్యం కూడా ఇందులో కలిసి వస్తుంది, అది పై పద్ధతిలో రాదు. టైపింగ్ ఆలస్యాన్ని కొలిచే టైపోమీటర్ అనే ప్రోగ్రాము ఉంది గానీ వేలాండ్‌లో దాన్ని నమ్ముకోలేం: ఒక ప్రోగ్రాము వేరే విండోకు కీలు పంపడం, తెర చదవడం వేలాండ్ మామూలుగా ఒప్పుకోదు.

తెలుగులో టైపు చేసేవాళ్ళు ఆ ఇన్‌పుట్‌ను నడిపే ఐబస్‌ను విడిగా పరీక్షించాలి. ప్రతి కీ డీబస్ (ప్రోగ్రాముల మధ్య సందేశాల దారి) మీదుగా ఇంజిన్‌కు వెళ్ళి వస్తుంది. ఒకే ఎడిటర్‌లో ముందు ఇంగ్లిష్, తర్వాత తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టి కొలిస్తే ఆ తేడా బయటపడుతుంది. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) ఇప్పటికీ ఎం17ఎన్ అనే ఇన్‌పుట్ లైబ్రరీలో ఉంది. అందులో అక్షరం పూర్తయ్యేదాకా కింద గీతతో ఆగుతుంది. అది డిజైనే, లాగ్‌గా రాయకండి. వేగంగా కొడితే అక్షరాల వరుస తారుమారైతే మాత్రం అది బగ్గే. ఐబస్ సింక్ మోడ్ (ప్రతి కీకి జవాబు వచ్చేదాకా ఆగే పద్ధతి) పెట్టి మళ్ళీ చూసి, రెండు ఫలితాలూ ఇవ్వండి.

కొలిచే ముందు అనుమతులు. కీబోర్డులా నటించే బోర్డు సెక్యూరిటీ టీమ్ కళ్ళకు అచ్చం దాడి పరికరంలాగే కనిపిస్తుంది. తెలియని యూఎస్‌బీ పరికరాలను అడ్డుకునే యూఎస్‌బీగార్డ్ ఉన్న మెషీన్ దాన్ని ఆపేస్తుంది. రోజువారీ ల్యాప్‌టాప్‌లో పెట్టకుండా టెస్ట్ మెషీన్ అడిగి తీసుకోండి. సహోద్యోగుల కీ నొక్కులు రికార్డు చేయాలంటే సంగతి ఇంకా గట్టిది. ఉద్యోగుల ప్రవర్తనను గమనించగల ఏ సాంకేతిక పరికరమైనా పెట్టాలంటే ఉద్యోగుల మండలి (కంపెనీలో ఉద్యోగులు ఎన్నుకునే సంఘం) ఒప్పుకోవాలని ఆ మండళ్ళ గురించిన జర్మన్ చట్టం (BetrVG) 87వ సెక్షన్ చెబుతుంది. ‘ఒక్క పది నిమిషాలే కదా’ అన్న మన ఊరి చనువు ఇక్కడ నడవదు. కీ ఈవెంట్లను రికార్డు చేసే లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్ మంచి మర్యాద పాటిస్తుంది: అడిగితే తప్ప అక్షరాల కీలన్నిటినీ ఒకే కీగా మార్చి రాస్తుంది, పాస్‌వర్డులు బయటపడవు. బగ్గుకు జతచేసేది ఆ రికార్డే కావాలి. ఈవీటెస్ట్ అవుట్‌పుట్ వద్దు, అందులో మీరు కొట్టింది ఉన్నదున్నట్టు ఉంటుంది.

బగ్గులో కెర్నెల్ వెర్షన్, కంపోజిటర్ (విండోలను కలిపి తెర మీద వేసే ప్రోగ్రాము) వెర్షన్, వేలాండా ఎక్స్11నా, మానిటర్ రిఫ్రెష్ రేటు, కీబోర్డు పోలింగ్ ఇంటర్వల్, కొలతల ఫైలు ఉండాలి. పాత వెర్షన్‌లో బాగుందని తెలిస్తే గిట్ బైసెక్ట్‌కు (కోడ్ మార్పులను సగం సగం చేస్తూ తప్పు చేసిన మార్పును వెతకడం) కూర్చోండి. వెయ్యి కమిట్ల (కోడ్ మార్పుల) మధ్య తప్పు వెతకడానికి సుమారు పది బిల్డులు సరిపోతాయి. ప్రతి బిల్డుకూ అదే మానిటర్, అదే కేబుల్, తెర మీద అదే చోటు.