ఏ చిరునామాకు వస్తున్నదో తెలియని చందా

ఉద్యోగం మారినప్పుడల్లా కొత్త ఈమెయిల్ తెరిచి, పాతవాటికి వచ్చేవన్నీ ఇప్పటి జీమెయిల్‌కు చేరేలా ఫార్వర్డింగ్ పెట్టుకుంటూ వచ్చిన నేను, అక్కర్లేని మెయిల్ చందాలను రద్దు చేసుకుని, మిగిలినవాటిని ఈ ఒక్క చిరునామాకు తెచ్చుకోవాలని ఈ మధ్య పట్టుబట్టి కూర్చున్నాను. దుకాణాల ప్రకటనలు, వార్తాలేఖలు ఇట్టే ఆగిపోయాయి. పెద్దమొత్తంలో ప్రచార మెయిళ్లు పంపేవారు ఒక్క నొక్కుతో చందా రద్దయ్యే వీలు కల్పించాలని గూగుల్, యాహూ 2024లో పెట్టిన నిబంధన చాలా మేలు చేసింది.

నాకు చుక్కలు చూపించింది మా వృత్తి సంఘం మెయిల్ గ్రూపు, అంటే ఒక చిరునామాకు రాస్తే సభ్యులందరికీ చేరే ఏర్పాటు. రద్దు కోరుతూ మెయిల్ పంపితే, 'మీరు ఈ గ్రూపులో సభ్యులు కారు' అని జవాబు వచ్చింది. మరునాడు అదే గ్రూపు నుంచి మళ్లీ మెయిళ్లు. నిర్వాహకుడికి మర్యాదగా రాస్తే, ఆయన నాకు విడిగా చెప్పకుండా అందరూ చూసేలా, 'ముందు మీ చిరునామా ఏదో మీరు తెలుసుకోండి' అని బదులిచ్చారు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు కూడా చదివే చోట అలా రాసే హక్కు ఆయనకు లేదని ఇప్పటికీ అంటాను.

గ్రూపు మెయిల్‌లో 'టు' అన్నచోట గ్రూపు చిరునామాయే ఉంటుంది, మనది కనిపించదు. ఏ చిరునామాతో చేరామో దాని నుంచి రాస్తేనే గ్రూపు మనల్ని గుర్తిస్తుంది కనుక, చిక్కంతా అక్కడే ఉంది. మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి మెయిల్ వచ్చిన దారి వివరాలన్నీ చూపే 'షో ఒరిజినల్' తెరిచాను. పైన 'డెలివర్డ్-టు' ఎదుట ఇప్పటి చిరునామా ఉంది. కిందికి చదువుకుంటూ పోతే అదే మాట మరోసారి వచ్చి, దాని ఎదుట పాత ఉద్యోగంలో ఉండగా తెరిచిన జీమెయిల్ బయటపడింది. దారిలోని ప్రతి సర్వరూ తన వివరాలను పైన చేరుస్తూ పోతుంది కనుక, మెయిల్ మొదట చేరిన చోటు అడుగున దొరుకుతుంది.

మన మరో చిరునామా పేరుతో మెయిల్ పంపనిచ్చే జీమెయిల్ సెట్టింగ్ 'సెండ్ మెయిల్ యాజ్' కింద ఆ పాత చిరునామాను చేర్చగా, ధ్రువీకరణ సంకేతం ఫార్వర్డింగ్ పుణ్యమా అని నా ఇన్‌బాక్స్‌కే వచ్చింది. ఆ పేరుతో పంపిన రద్దు మెయిల్‌ను గ్రూపు వెంటనే అంగీకరించింది. అందుకే చందాలన్నీ తేలేదాకా పాత ఖాతాలను ఎవరూ మూసివేయకండి.

ఇలాంటి గ్రూపులను నడిపే మెయిల్‌మాన్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మెయిల్ అడుగున సభ్యుడి చిరునామా వచ్చేలా పెట్టవచ్చు. సభ్యులను మందలించే తీరిక ఉన్న నిర్వాహకులు ముందు ఆ పని చేయాలి. గ్రూపుకు రెండు చిరునామాల నుంచీ రాయవలసినవారు రెండింటినీ సభ్యులుగా చేర్పించి, ఒకదానికి మెయిళ్ల బట్వాడా ఆపుకోవచ్చు. నేను కొనసాగదలచిన మరో గ్రూపులో అలాగే చేశాను.