మాచికాయ సిరాతో గ్వెర్చీనో: మూడో వారం

ఈ వారం సిరా కుదిరింది. మూలికల దుకాణంలో కొన్న మాచికాయలు (ఓక్ చెట్టు మీద పురుగుల వల్ల ఏర్పడే బుడిపెలు) 30 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, 300 మిల్లీలీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, పలుచని గుడ్డతో వడగట్టాను. అందులో 20 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 10 గ్రాముల తుమ్మబంక కలిపాను. కిందటిసారి బంక తక్కువై సిరా కాగితం మీద పాకిపోయింది. ఈసారి బాతు ఈక కొస నుంచి గీత తెగకుండా దిగింది.

సాధనకు ఎంచుకున్నది 17వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు గ్వెర్చీనో గీసిన 'సెయింట్ పెట్రోనిల్లా ఖననం'. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి కోసం 1623లో పూర్తయిన ఈ చిత్రం ఎత్తు 7 మీటర్లకు పైనే. ఇప్పుడు రోమ్‌లోనే కాపిటోలిన్ మ్యూజియంలో ఉంది. కింద ఆమె దేహాన్ని సమాధిలోకి దించుతుంటారు, పైన క్రీస్తు ఆమెను స్వర్గంలోకి ఆహ్వానిస్తుంటాడు. పూర్తయిన చిత్రం నుంచి వెనక్కి నడుస్తూ, దానికి ముందు వేసుకోదగిన చిత్తు బొమ్మలను నేనే ఊహించి గీస్తున్నాను. గ్వెర్చీనో ఒకే ఘట్టాన్ని మనుషుల చోట్లు మార్చి మార్చి గీసి చూసేవాడు. ఈ సాధనకు ఆ పద్ధతే దారి.

అసలు చిక్కు సిరా రంగుతో వచ్చింది. గీసినప్పుడు బూడిద రంగులో పేలవంగా కనిపిస్తుంది. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. అది తెలిసీ ఆగలేక సాయంత్రం నీడల మీద రెండు మూడుసార్లు గీశాను. తెల్లారేసరికి పెట్రోనిల్లా ముఖం పక్కన ఉన్న మడతలన్నీ ఒకే నల్లటి ముద్ద. ఇప్పుడు ఒక్కసారే గీసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు ఒక పాలు సిరాకు ఆరు పాళ్ల నీళ్లు కలిపి కుంచెతో నీడలు వేస్తున్నాను. ఆరిన గీత నీటికి చెదరడం లేదు.

గోధుమ రంగు కోసం సిరాలో వేరే రంగు కలపడం కూడా మానేశాను. ఇలాంటి సిరాతో గీసిన పాత బొమ్మల్లో మనం చూసే గోధుమ రంగు చాలావరకు కాలం తెచ్చింది. సిరా దట్టంగా పడినచోట అందులోని ఆమ్లం కాగితాన్నే తినేస్తుంది కూడా. అందుకే చిత్తు బొమ్మలకైనా 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితమే వాడుతున్నాను.

చిత్రం అడుగున, సమాధి లోపలి నుంచి పైకి చాచిన రెండు చేతులు ఉన్నాయి. ఆ మనిషి మనకు కనిపించడు. నాలుగు షీట్లు అయ్యాయి. మూడింటిలో చేతులు చిన్నవై దేహం గాలిలో తేలినట్టుంది. నాలుగోదాంట్లో వాటిని పెద్దవి చేసి, కాగితం అంచుకు ఆనించాను. బరువు దిగింది. స్వర్గం జోలికి వెళ్లేముందు ఆ చేతులను మాత్రమే విడిగా, ఎర్ర సుద్దతో గీస్తాను.